రెండో పేరు

"అయితే కొంటన్నావన్నమాట."

"కొనడం నిజమే."

"ఎక్కడ? మళ్ళీ ఒకసారి చెప్పు. నాకు సరిగ్గా వినపళ్ళేదు."

"వినపడిందిరా నీకు. హువాహిన్. థాయిలాండ్‌లో ఊరు. బ్యాంకాక్ నుంచి బస్సులో మూడు నాలుగు గంటలు."

"సముద్రం ఒడ్డునా?"

"ఒడ్డుకి పది నిమిషాల నడక. ఒడ్డు మీదే అంటే మనవల్ల కాదు."

మార్చి నెల ఆదివారం, సాయంత్రం నాలుగు కావస్తోంది. భిలాయి క్యాంప్ 1లో తల్లి సింహాచలమ్మ ఉంటున్న ఇంటి ముందుగదిలో, సతీష్‌కుమార్ ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మంచం మీద అతని మేనత్త దుర్గాదేవి. ముప్పై నాలుగేళ్ళు ఉక్కు ప్లాంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి, కిందటి జూలైలో రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరికీ మధ్య స్టూలు మీద బ్యాంకు కాగితాలు, వాటి మీద ఒక పెన్ను. ఈ ఇంటిని తాకట్టు పెట్టే ఆ కాగితాల మీద తల్లి సంతకం కోసమే అతను వచ్చాడు. అత్త ఇక్కడ ఉంటుందని అనుకోలేదు. ఉంది కాబట్టి, వారం రోజులుగా మనసులో పెట్టుకున్నది అడిగేశాడు. తల్లి తెర వెనక వంటగదిలో ఉంది.

"ఎంత?"

"ఏటి ఎంత?"

"ఫ్లాటు అత్తా. రేటు."

"వాళ్ళ డబ్బులో పధ్నాలుగున్నర లక్షల బాత్. మన రూపాయల్లో నలభై లక్షలు. ఆ రోజు రేటు బట్టి కాస్త అటూ ఇటూ."

"నలభై లక్షలు. ఎన్ని గదులకి?"

"ఒక పడకగది, ఒక హాలు, బాల్కనీ. లిఫ్టుంది. మోకాళ్ళకి లిఫ్టు కావాల."

"ఇదంతా నాకు బిందు చెప్పాలా? నువ్వు ఫోన్లో ఎవరితోనో మాట్లాడతంటే తన చెవిన పడింది. 'టూ నేమ్స్, టూ నేమ్స్' అని రెండుసార్లు అన్నావంట."

"మీ ఆవిడ చెవులు మంచివే. అన్నాను."

"రెండో పేరు ఎవరిది?"

"వదినా, టీ పెడతన్నావా? నాకు పంచదార తగ్గించు."

"తగ్గించేసాన్లే." వంటగదిలోంచి సింహాచలమ్మ అంది.

"అత్తా, నేనడిగింది..."

"విన్నాన్రా. టీ తాగి మాట్లాడుకుందాం."

"టీ తాగేదాకా ఆగేంత టైము నాకు లేదు. అమ్మా, నువ్వు కూడా ఇటు రా. సంతకం పెట్టేస్తే నేను వెళ్ళిపోతాను. రేపు పదకొండుకి బ్యాంకుకి ఇవ్వాలి."

"చేతులు తడిగా ఉన్నాయి నాన్నా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కూడా తెలీదు. వస్తాను ఉండు."

"టీవీ మీదుంది నీ కళ్ళజోడు."

"అక్కడుందా. సరేలే."

సింహాచలమ్మ మాత్రం బయటికి రాలేదు. సతీష్ మళ్ళీ అత్త వైపు తిరిగాడు.

"చూడత్తా. నీ డబ్బు నీ ఇష్టం. నేను కాదనను. కానీ ఇదంతా ధోఖా. రాయపూర్‌లో హోటళ్ళలో మీటింగులు పెడతారు, భోజనం పెడతారు, సముద్రం బొమ్మ చూపిస్తారు. నా దగ్గర రేకు కొనే ఆయన బావమరిది దుబాయ్‌లో కొన్నాడు. ఐదేళ్ళయింది. ఇంకా పునాదే ఉందంట."

"నేను మీటింగుకి పోలేదు. భోజనం చెయ్యలేదు. కట్టేసిన బిల్డింగు, పన్నెండేళ్ళ పాతది. ఆ ఊళ్ళోనే రెండు నెలలు అద్దెకుండి చూసాను."

"చూస్తే ఏటి? కాగితాలు చదవగలవా నువ్వు? వాళ్ళ భాషలో ఉంటాయి."

"చదివే వకీలుని పెట్టాను. ఏజెంటు చూపించినాయన్ని కాదు, వేరే ఆమెని. మొదట చూపించిన ఫ్లాటు వద్దన్నది ఆమే. అమ్ముతున్నట్టే మాట్లాడతారు గానీ కాగితంలో ముప్పై ఏళ్ళ లీజంట. ఒక బిల్డింగులో నూటికి నలభై తొమ్మిది వంతులే బయటిదేశం వాళ్ళ పేర రాస్తారు. ఆ వంతులో ఇంకా ఖాళీ ఉందని కాగితం తెప్పించాకే ఇది తీసుకుంటన్నాం."

"తీసుకుంటన్నాం." ఆ మాటను సతీష్ నెమ్మదిగా తిరిగి అన్నాడు. "సరే. డబ్బెలా పంపుతావు? ఏ హవాలావాడి చేతిలోనో పెడతావా?"

"మన బ్యాంకులోంచే. పంపినవాళ్ళ పేరు, కొన్నవాళ్ళ పేరు ఒకటే అయ్యుండాల. డబ్బు బయటినుంచి వచ్చినట్టు అక్కడి బ్యాంకు కాగితం ఇస్తాది. అది లేపోతే రిజిస్ట్రీ చెయ్యరు."

"టాక్సు?"

"ఏడాదికి పది లక్షలు దాటితే పైదాని మీద ఇరవై శాతం బ్యాంకువాళ్ళు పట్టుకుంటారు. రిటర్ను వేస్తే తిరిగొస్తాది గానీ అన్నాళ్ళూ చేతిలో ఉండదు కదా. అందుకే మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం. మనిషికి పదేసి."

"మనిషికా?"

దుర్గాదేవి చీర కొంగు సర్దుకుంది.

"మనిషికంటే ఎంతమంది అత్తా?"

"ఇద్దరు. రెండు పేర్లని నువ్వే అన్నావు కదా."

"మరి ఆ రెండో మనిషి వాటా ఆ మనిషే కడతన్నాడా? లేక అది కూడా నీ గ్రాట్యుటీయేనా?"

"కడతన్నారు."

"కడతన్నారు. 'రు' అంటన్నావు. అయితే పెద్దమనిషే."

"నీ కంటే పెద్దే."

"రామమోహనరావు గారేనా?"

"ఏ రామమోహనరావు?"

"మీ ఆసుపత్రిలో మందుల కౌంటర్లో ఉండే రామమోహనరావు. భార్య పోయినకాణ్ణుంచి రోజూ పొద్దున్న మీరిద్దరూ కలిసి నడుస్తారు. భిలాయి అంతా చూస్తాది అత్తా. నాకు చెప్పేవాళ్ళు చెబుతానే ఉన్నారు."

వంటగదిలో గిన్నె మీద మూత పడిన చప్పుడైంది. దుర్గాదేవి నవ్వలేదు, కోప్పడలేదు.

"ఆయన కూతురింటికి రాయపూర్ వెళ్ళాలంటేనే నాలుగు రోజుల ముందు పెట్టె సర్దుకుంటాడు. విదేశం ఎక్కడొస్తాడు. నడవమని డాక్టరు చెప్పాడు, నడుస్తాడు. ఒక్కడే నడిస్తే షుగరు పడిపోద్దేమోనని భయం. అందుకు నేను. ఇంకేటి చెప్పారు నీకు?"

"నేను తప్పుగా అనలేదు."

"తప్పుగానే అన్నావు. పర్లేదు."

"మరి చెప్పొచ్చు కదా ఎవరో. ఎందుకు దాస్తన్నావు?"

"చెప్పాల్సినవాళ్ళు చెబుతారు. నా నోటితో చెప్పకూడదు."

సతీష్ లేచి గుమ్మం దాకా వెళ్ళి, వీధిలో నిలబెట్టిన తన బైకును చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అతని గొంతు మారింది.

"దీపావళినాడు నిన్ను ఒకటడిగాను అత్తా. గుర్తుందా?"

"ఉంది."

"హథ్‌ఖోజ్‌లో నా షెడ్డుకి వచ్చి చూసావు నువ్వే. రేకు కోస్తాను, వెల్డింగు చేస్తాను. వంచడానికి మాత్రం పక్కషెడ్డు వాడి దగ్గరికి మోసుకెళ్ళాలి. వాడు ముందు తన పని చూసుకుని, తర్వాత నాది ముట్టుకుంటాడు. ఈ ఏడు మూడు ఆర్డర్లు అలాగే పోయాయి. ఒక్క బెండింగ్ మిషను, సెకండ్ హ్యాండే, ముప్పై లక్షలు. మూడేళ్ళలో తిరిగిచ్చేస్తానన్నాను. వడ్డీతో ఇస్తానన్నాను. ఈరోజుదాకా అవునని లేదు, కాదని లేదు."

"నిజమే."

"ఇవ్వకపోతే ఇవ్వనని చెప్పు. నేను బతికి ఉన్నానా పోయానా చూడకుండా, నలభై లక్షలు తీసుకెళ్ళి సముద్రం దగ్గర పెడతావు. నీకు ముసలితనంలో ఎవరున్నారని? మా ఇంట్లో వెనకగది నీకే అన్నాను. ఏసీ పెట్టిస్తానన్నాను."

"అన్నావు నాన్నా. మరిచిపోలేదు."

"అక్కడ జ్వరమొస్తే ఎవరు చూస్తారు?"

"ఆసుపత్రి ఉంది. నేను ముందు చూసింది అదే. ఇన్సూరెన్సు కట్టాల, కడతాం. వీసాకి ఒక్కొక్కళ్ళం ఎనిమిది లక్షల బాత్ అక్కడి బ్యాంకులో ఉంచాల. అది కదపకూడదు. జబ్బు చేస్తే అది కూడా మనదే. మిగిలింది ఇక్కడే ఎఫ్‌డీలో ఉంటాది. అంతా తీసుకెళ్ళి ఒక్కచోట పొయ్యడం లేదు."

"సముద్రమే కావాలంటే వైజాగ్ లేదా? భీమిలి లేదా? అమ్మ పుట్టిన ఊరే కదా."

"వైజాగ్‌లో సముద్రం కనపడే ఫ్లాటు ఎంతో అడిగి చూడు. అడిగాకే హువాహిన్ చూసుకున్నాం. పైగా వైజాగ్ నుంచి రాత్రి బండెక్కితే పొద్దున్నకి ఇక్కడుండొచ్చు. ఎవరికేం కావాల్సొచ్చినా రమ్మంటారు. మేం వచ్చేస్తాం."

"రావడం తప్పా?"

"తప్పని ఎవరన్నారు. వచ్చేస్తామని చెబుతన్నాను."

"కిందటేడు అమ్మని కూడా పదిరోజులు తిప్పి తెచ్చావు. సరదా తీరింది కదా. మళ్ళీ కావాలంటే ఇంకో పదిరోజులు వెళ్ళండి. టిక్కెట్లు నేను తీస్తాను. ఇల్లు కొనడం ఎందుకు?"

తెర పక్కకి జరిగింది. సింహాచలమ్మ మూడు గ్లాసుల టీతో వచ్చి, కాగితాలకి తగలకుండా స్టూలు మూలన పెట్టింది. కొడుకు పక్కన నేలమీద కూర్చోబోయి, ఆగి, మంచం మీద ఆడపడుచు పక్కన కూర్చుంది.

"నాకు బాగుందిరా అక్కడ."

"హోటల్లో కూర్చోబెడితే ఎవరికైనా బాగుంటాదమ్మా."

"హోటలు కాదు. అద్దెగది. పొద్దున్నే ఒకామె బండి తోసుకుని వచ్చేది, వేడివేడి జావతో. మాంసం వెయ్యొద్దని మొదటిరోజు దుర్గ చెప్పింది. మూడోరోజుకి ఎవరూ చెప్పకుండానే తీసేసి నాకిచ్చింది. నా మాట ఆమెకి రాదు, ఆమె మాట నాకు రాదు. అంతకుముందు ఇంకొకరు వండి నా చేతికిస్తే తినడం నాకు గుర్తులేదు. పురుళ్ళప్పుడు తిన్నానేమో."

"అమ్మా, జావ బిందు కూడా కాస్తాది. నువ్వడగవు."

"అడగను. నిజమే."

"సరే, సంతకం పెట్టు. నాలుగున్నరకి రాహుకాలం వస్తాది, అప్పుడు మళ్ళీ పెట్టనంటావు. ఇదిగో పెన్ను. ఇక్కడ, ఇక్కడ, వెనకాల ఒకటి. అత్త ఇవ్వనంది కాబట్టి ఇదొక్కటే దారి నాకు. ఈ ఇంటి మీద ఇరవై ఐదిస్తామన్నారు. మిగతా ఐదు నేను చూసుకుంటాను. ఇల్లెక్కడికీ పోదు. నీ ఇంట్లో నువ్వుంటావు. పొద్దున్న మా పిల్లల్ని ఎప్పటిలాగే ఆరున్నరకి ఇక్కడ దింపుతాను. ఏమీ మారదు."

"అదేరా. ఏమీ మారదు."

"మరి పెట్టు."

సింహాచలమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చేతిలోకి తీసుకుంది. చదువుతున్నట్టు చాలాసేపు చూసింది. ఇంగ్లీషు ఆమెకు రాదని సతీష్‌కు తెలుసు. అయినా ఆగాడు. ఆమె పెన్నుకి మూత పెట్టి, కాగితం మడవకుండా అతని ఒళ్ళో పెట్టింది.

"దీని మీద నేను సంతకం చేస్తే తప్పయిపోద్ది నాన్నా."

"ఏం తప్పు?"

"ఇల్లు నాది కాదు."

"నాన్న నీ పేరునే కదా రాసాడు. పట్టా నీదే."

"మీ నాన్న నా పేరునే రాసాడు. బుధవారం దాకా నాదే. సందు చివర కొట్టు జితేంద్రకి రాసిచ్చేసాను. దుర్గ్ ఊళ్ళో రిజిస్ట్రీ అయిపోయింది. వచ్చే నెలాఖరుదాకా ఉండమన్నాడు, మంచోడు."

సతీష్‌కు మొదట ఆ మాట తలకెక్కలేదు. బుధవారం పొద్దున్న పిల్లల్ని ఇక్కడే దింపాడు. సాయంత్రం ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళాడు. తల్లి పిల్లకి జడ వేసి ఉంది. కొత్త చీర కట్టుకుందని కూడా చూశాడు. ఏ గుడికో వెళ్ళి ఉంటుందనుకున్నాడు.

"ఎందుకు?"

"డబ్బు కావల్సొచ్చింది."

"నీకెందుకమ్మా డబ్బు?"

ఆమె ఆడపడుచు వైపు చూసింది. సతీష్ అత్త వైపు తిరిగాడు.

"నువ్వా? నీ ఫ్లాటుకి తక్కువపడి, మా నాన్న కట్టిన ఇల్లు అమ్మించావా? చదువు రాని మనిషిని దుర్గ్ తీసుకెళ్ళి వేలిముద్ర వేయించావా?"

"వేలిముద్ర కాదురా. సంతకమే చేసింది. నీకంటే బాగా చేసింది."

"నువ్వు మాట్లాడకు అత్తా. నాన్న ఉంటే నువ్వు ఈ గడప తొక్కగలిగేదానివా ఇప్పుడు? ఇటుక ఇటుక ఆయన మోసుకొచ్చి కట్టాడు. డ్యూటీ అయ్యాక రాత్రిపూట కట్టాడు."

"ఇటుకలు అందించింది నేనురా," అంది సింహాచలమ్మ. "కడుపులో నువ్వున్నావు. దాన్ని అనకు. ఫ్లాటు దానిది కాదు."

"మరి ఎవరిది?"

"వారం నుంచి రెండో పేరు, రెండో పేరు అని బుర్ర బద్దలు కొట్టుకుంటన్నావంట. రెండో పేరు దుర్గది. మొదటి పేరు నాది."

సతీష్ కుర్చీని మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"నువ్వు వెళ్తన్నావా?"

"మే నెల్లో."

"నాకెవరూ చెప్పలేదేటి?"

"చెబితే వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఆగిపోతాను. ముప్పై ఎనిమిదేళ్ళనుంచి నువ్వేడిస్తే చూడలేను కదా. అందుకని అన్నీ అయిపోయేదాకా చెప్పకూడదనుకున్నాను."

"పిల్లలు?"

"పిల్లలు పెద్దోళ్ళవుతారు. బిందుకి చెప్పు, ఆమె పనిచేసే బడి పక్కనే పిల్లల్ని చూసే మనిషుంది. అడిగి పెట్టాను. నెలకి మూడు వేలు. మొదటి ఆరు నెల్లది నేనే ఇచ్చేసాను."

"నేను మూడు వేల కోసం అడగట్లేదమ్మా."

"నాకు తెలుసు నాన్నా."

సతీష్ ఒళ్ళో కాగితాలు జారి నేలమీద పడ్డాయి. తీయడానికి వంగి, అలాగే కాసేపు వంగి ఉండిపోయి, తల ఎత్తినప్పుడు తల్లిని చూడలేదు. అతని కోపానికి నిలబడే చోటు అత్త దగ్గరే దొరికింది.

"అమ్మకి ఇలాంటి బుద్ధులు పుట్టవు అత్తా. ఇదంతా నువ్వే. నేను నీ చేతుల్లో పెరిగాను. టైఫాయిడ్ వచ్చినప్పుడు డ్యూటీ మానేసి నా పక్కన పడుకున్నది నువ్వే. అలాంటిదానివి, నేను నోరు తెరిచి అడిగితే నాలుగున్నర నెలలు జవాబు కూడా ఇవ్వలేదు. ఇవ్వనని చెప్పడానికి కూడా నీకు మనసు రాలేదు. ఇప్పుడు అమ్మని కూడా తీసుకెళ్ళిపోతన్నావు. అంత రాయి ఎలా అయిపోయావు నువ్వు?"

దుర్గాదేవి టీ గ్లాసు పట్టుకుని ఉంది. తాగకుండానే కింద పెట్టేసింది. ఏదో అనబోయి, వదిన వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెప్పొద్దు వదినా."

"చెప్పాల దుర్గా. రాయన్నాడు నిన్ను."

"పోన్లే. అననీ."

"ఇన్నాళ్ళూ అననిచ్చాను. ఇంక అననివ్వను." సింహాచలమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే సతీష్, దీపావళి మర్నాడు పొద్దున్నే ఇది ఇక్కడికొచ్చింది, నీ పేర ముప్పై లక్షలకి చెక్కు రాసుకుని. నువ్వడిగినంతా, ఒక్క రూపాయి తగ్గకుండా. వాడికివ్వమని నా చేతిలో పెట్టింది. ఆ డబ్బు నీకిస్తే దుర్గ నీ వెనకగదిలో కూర్చుని, నీ పిల్లల్ని పెంచి, నాలాగే అయిపోద్ది. అందుకని ఆ చెక్కు గేసు పొయ్యి మీద పెట్టి కాల్చేసింది నేను."